విత్తనం కన్నా ముందు కొలత: కొత్త ఇంటి పెరటి తోటకు సిద్ధం కావడం ఎలా?

గృహప్రవేశం అయిన కొత్తలో చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుంది. మే నెలాఖరులో నర్సరీకి వెళ్లి పది పదిహేను మొక్కలు, నాలుగు రకాల విత్తనాల ప్యాకెట్లు, రెండు బస్తాల వర్మీ కంపోస్ట్ తెచ్చుకుంటారు. తొలకరి పడగానే పెరట్లో గుంతలు తీసి నాటేస్తారు. జూలైలో తోట కళకళలాడుతుంది. ఆగస్టు వానలకు మిరప మొక్కలు తల వాల్చేస్తాయి. దీపావళికి నాటిన టమాటా సన్నగా పొడుగ్గా సాగుతుంది తప్ప కాపు పట్టదు. సంక్రాంతి వచ్చేసరికి "మన చేతికి మొక్కలు రావు" అని ఇంట్లోవాళ్లు తేల్చేసుకుంటారు.

నిజానికి ఆ మొక్కల జాతకం మే నెలలోనే ఖరారైపోయింది. మిరప వేళ్లకు గాలి అందకుండా చేసింది నేలలో ఇంకని నీరు. టమాటాకు కాపు లేకుండా చేసింది దక్షిణం వైపు గోడ నీడ. ఈ రెండింటినీ నాటడానికి ముందే కొలవవచ్చు. అందుకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఒక కర్ర, ఒక గాజు సీసా, ఒక బకెట్ నీళ్లు, కొలిచే టేపు, ఒక నోటు పుస్తకం చాలు. తోట డాబా మీద పెట్టాలనుకునేవారు మాత్రం ఇంకో కొలత కూడా తప్పనిసరిగా తీసుకోవాలి. అది బరువు. ఆ లెక్క తప్పితే నష్టపోయేది మొక్కలు కాదు, ఇల్లు.

మొదటి కొలత: ఎండ

మొక్కకు అసలు ఆహారం ఎండే. ఎరువు పోషకాలను మాత్రమే ఇస్తుంది. చక్కెరను తయారుచేసేది ఆకుల్లో జరిగే కిరణజన్య సంయోగక్రియ. కాయ కాయాలంటే మొక్క తన అవసరానికి మించి చక్కెరను తయారుచేసుకోవాలి. అందుకే టమాటా, వంగ, మిరప, బెండ, బీర వంటి వాటికి రోజుకు కనీసం 6 గంటల నేరుటెండ కావాలి. ముల్లంగి, క్యారెట్ వంటి దుంపలు 4 నుంచి 5 గంటలతో సర్దుకుంటాయి. తోటకూర, పాలకూర, కొత్తిమీర, పుదీనా లాంటి ఆకుకూరలు 3 నుంచి 4 గంటల ఎండ ఉన్నా ఫర్వాలేదనిపిస్తాయి.

అయితే ఏ రోజు ఎండ చూసి లెక్క వేయాలి? పొరపాటు ఇక్కడే జరుగుతుంది. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే సూర్యుడు ఏడాదిలో కొంతకాలం మన నడినెత్తికి ఉత్తరంగా, మిగతా కాలం దక్షిణంగా ప్రయాణిస్తాడు. మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణంలో నీడే ఉండదు. జూన్ 21 నాటికి నడినెత్తికి సుమారు 6 డిగ్రీలు ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబరు 21 నాటికి దాదాపు 41 డిగ్రీలు దక్షిణానికి వాలిపోతాడు.

దీన్ని పెరటి లెక్కలోకి మారుద్దాం. హైదరాబాద్‌లో 7 మీటర్ల ఎత్తున్న రెండంతస్తుల ఇల్లు, దాని ఉత్తరం వైపు 3 మీటర్ల వెడల్పున్న ఖాళీ స్థలం ఉన్నాయనుకుందాం. జూన్ 21 మధ్యాహ్నం ఇంటి నీడ దక్షిణం వైపు, అదీ 70 సెంటీమీటర్ల మేరే పడుతుంది. ఉత్తరపు స్థలమంతా ఎండే. సెప్టెంబరు 23 నాటికి నీడ ఉత్తరం వైపు 2.2 మీటర్ల మేర పాకుతుంది. డిసెంబరు 21న ఆ నీడ పొడవు 6 మీటర్లు. చలికాలంలో సూర్యుడు ఉదయించేదీ అస్తమించేదీ కూడా దక్షిణం వైపు జరిగే కాబట్టి ఆ స్థలానికి రోజంతా ఎండ సరిగా సోకదు. మే, జూన్ నెలల్లో చూసి "ఇక్కడ ఎండ బ్రహ్మాండంగా ఉంది" అని ఎంచుకున్న చోటు టమాటాకు అసలు కాలమైన చలికాలంలో నీడలోకి వెళ్లిపోతుందన్నమాట.

ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఈ నీడ ఇంకా సాగుతుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం ఒక మీటరు గోడకు హైదరాబాద్‌లో 86 సెంటీమీటర్ల నీడ పడితే, ఢిల్లీలో సుమారు 1.3 మీటర్లు పడుతుంది. కన్యాకుమారిలో 60 సెంటీమీటర్లే. ఢిల్లీలో స్థిరపడిన తెలుగు కుటుంబం ఊళ్లో అమ్మమ్మ తోటను గుర్తుచేసుకుని అదే పద్ధతిలో మడులు వేస్తే చలికాలంలో ఫలితం వేరుగా ఉండటానికి ఇదొక కారణం.

డిసెంబరు నీడను ఎండాకాలంలో చూడటం ఎలా?

దీనికి లెక్కలు రానివారికీ పనికొచ్చే ఉపాయం ఒకటుంది. పౌర్ణమి నాడు చంద్రుడు ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కులో ఉంటాడు. వేసవిలో సూర్యుడు ఉత్తరంగా ఉంటే పౌర్ణమి చంద్రుడు దక్షిణంగా, అంటే చలికాలపు సూర్యుడు నడిచే దారికి దగ్గరగా నడుస్తాడు. జ్యేష్ఠ పౌర్ణమిని తెలుగు రైతులు ఏరువాక పౌర్ణమిగా జరుపుకుంటారు. ఆ రాత్రి పన్నెండు, పన్నెండున్నర మధ్య తోట వేయాలనుకున్న చోట నిలబడి దక్షిణం వైపు చూడండి. ఇంటి గోడ మీదుగా చంద్రుడు కనిపిస్తే డిసెంబరు మధ్యాహ్నం అక్కడికి ఎండ వస్తుంది. గోడ చాటున ఉంటే రాదు. చంద్రుడి కక్ష్య సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వంగి ఉంటుంది కాబట్టి కొంచెం అటూ ఇటూ తేడా ఉండవచ్చు. చోటు ఎంచుకోవడానికి ఆ మాత్రం కచ్చితత్వం చాలు. అప్పటికే మబ్బులు కమ్ముతాయనుకుంటే వైశాఖ పౌర్ణమి నాడు చూసినా ఇంచుమించు ఇదే సంగతి తెలుస్తుంది.

పగటి కొలత కూడా ఒకసారి తీయాలి. ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు గంటకోసారి పెరడు బొమ్మ మీద ఎండ పడే భాగాన్ని పెన్సిల్‌తో గుర్తించండి. చెట్లు, పక్కింటి గోడ, నీళ్ల ట్యాంకు నీడలన్నీ బయటపడతాయి. ఈ ఎండ పటం చేతిలో ఉంటే ఎక్కడ కాయగూరలు, ఎక్కడ ఆకుకూరలు, ఎక్కడ కరివేపాకు చెట్టు అన్నది దాదాపు తనంతట తానే తేలుతుంది. చెట్టు జాతివి, పందిరి పాదులు ఎప్పుడూ ఉత్తరపు అంచున ఉండాలి. అప్పుడు చలికాలంలో వాటి నీడ మిగతా మడుల మీద పడదు.

రెండో కొలత: నేలలో ఏముంది?

కొత్త ఇంటి పెరట్లో పైన కనిపించేది చాలాసార్లు అసలు నేల కాదు. పునాదులు తవ్వినప్పుడు అడుగు నుంచి వచ్చిన మట్టిని పైన పరుస్తారు. అందులో సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు. దాంతోపాటు ఇటుక ముక్కలు, సిమెంటు గచ్చు పెళ్లలు, సున్నం కలిసిపోతాయి. ఇసుక లారీలు, ఇటుకల గుట్టలు నేలను గట్టిగా అదిమేస్తాయి. సిమెంటు, సున్నం క్షారగుణం ఉన్నవి కాబట్టి నేల పీహెచ్‌ను పెంచుతాయి. పీహెచ్ 8 దాటిన నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందే రూపంలో ఉండదు. లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగలడం దీని లక్షణం. దీన్ని చూసి ఎరువు చాలలేదనుకుని మరింత వేస్తారు. ఫలితం ఉండదు. అందుకే మొదటి పని పై 30 సెంటీమీటర్లలోని గచ్చు పెళ్లలను ఏరివేయడం.

తర్వాత సీసా పరీక్ష. తోట వేసే చోట నాలుగైదు దిక్కుల నుంచి, 15 సెంటీమీటర్ల లోతు నుంచి గుప్పెడు గుప్పెడు మట్టి తీసి కలపండి. రాళ్లు ఏరేసి, నిలువు గాజు సీసాలో మూడో వంతు నింపి, పైదాకా నీళ్లు పోసి, చిటికెడు బట్టల సోడా పొడి వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ముందుగా ఇసుక, దానిపైన ఒండ్రు, చివరగా బంకమన్ను వేర్వేరు పొరలుగా దిగుతాయి.

దీని వెనుక ఉన్నది 1851లో జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ చెప్పిన సూత్రం. నీటిలో చిన్న రేణువు మునిగే వేగం దాని వ్యాసానికి వర్గం చొప్పున పెరుగుతుంది. అంటే వ్యాసం పదో వంతైతే వేగం నూరో వంతవుతుంది. 0.05 మిల్లీమీటర్ల ఇసుక రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి ఒక నిమిషం కూడా పట్టదు. 0.002 మిల్లీమీటర్ల రేణువుకు అదే దూరానికి దాదాపు 8 గంటలు పడుతుంది. అంతకన్నా సన్నవైన బంకమన్ను రేణువులు మరుసటి రోజుకు కూడా పూర్తిగా దిగకపోవచ్చు. కాబట్టి ఒక నిమిషానికి సీసా మీద మొదటి గీత, 8 గంటలకు రెండో గీత, రెండు రోజులకు మూడో గీత గీయండి. మూడు పొరల ఎత్తులు పోల్చి చూస్తే మీ నేల స్వభావం తెలుస్తుంది.

ఇసుక పొర మూడొంతులు మించితే అది దుబ్బ నేల లాంటిది. నీరూ పోషకాలూ నిలవవు. బంకమన్ను సగానికి దగ్గరగా ఉంటే నల్లరేగడి స్వభావం. తడికి ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. మూడూ తగుపాళ్లలో ఉంటే గరప నేల. ఎర్ర చెల్క నేలలు ఇసుక వైపు మొగ్గుతాయి. ఏ నేలకైనా మందు ఒకటే కావడం విశేషం. బాగా మాగిన కంపోస్టు ఇసుక నేలలో నీటిని పట్టి ఉంచుతుంది. బంక నేలలో రేణువులను చిన్న చిన్న గుళికలుగా కూర్చి మధ్యలో గాలి సందులు ఏర్పరుస్తుంది. బంక నేలలో రెండు తట్టల ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకోవడం సరికాదు. ఇసుక రేణువుల మధ్య ఖాళీలను బంకమన్ను నింపేయడంతో నేల మరింత బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

సీసా చెప్పలేని సంగతులు ప్రయోగశాల చెబుతుంది. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో నేలను 12 అంశాలకు పరీక్షిస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్‌తో పాటు పీహెచ్, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం అందులో ఉంటాయి. కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, వ్యవసాయ శాఖల ప్రయోగశాలల్లో మట్టి పరీక్షలు చేస్తారు. కూరగాయలకు పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య ఉండటం మంచిది.

పాత ఇల్లు కూల్చి కట్టిన స్థలం, పాత పెయింటు రాలిన గోడల పక్క, రద్దీ రోడ్డు అంచు అయితే సీసం గురించి కూడా ఆలోచించాలి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలును 2000లో పూర్తిగా నిలిపివేశారు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అయితే అంతకు ముందు నేలలో చేరిన సీసం కుళ్లిపోయేది కాదు, దశాబ్దాల పాటు పై పొరలోనే ఉంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది హానికరం. అనుమానం ఉన్నచోట సీసం పరీక్ష చేయించాలి. అప్పటిదాకా అక్కడ దుంపలు, ఆకుకూరలు వేయకుండా, బయటి నుంచి తెచ్చిన మంచి మట్టితో ఎత్తు మడులు కట్టుకోవడం సురక్షితం. కాయల్లోకి చేరే సీసం దుంపలు, ఆకుల కంటే తక్కువ.

మూడో కొలత: నీరు ఇంకే వేగం

వేళ్లు కూడా ఊపిరి పీలుస్తాయి. నేల సందుల్లో గాలి ఉంటేనే వాటికి ఆక్సిజన్ అందుతుంది. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. సందులన్నీ నీటితో నిండి రెండు మూడు రోజులు అలాగే ఉంటే వేళ్లు చచ్చుపడి, పైకి నీరు ఎక్కించలేవు. నీళ్లలో నిలబడి ఉన్నా మొక్క వాడిపోయినట్టు కనిపిస్తుంది. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తే ఆ మొక్క ఇక కోలుకోదు.

పరీక్ష సులువు. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు ఉన్న గుంత తీసి నిండా నీళ్లు పోయండి. పూర్తిగా ఇంకాక మళ్లీ నింపండి. మొదటిసారి ఎండు నేల నీటిని గబగబా పీల్చేసుకుంటుంది కాబట్టి రెండోసారి కొలతే లెక్క. ఒక కర్రను నిలువుగా పెట్టి గంటకు నీటిమట్టం ఎంత దిగిందో చూడండి. గంటకు 2.5 నుంచి 7.5 సెంటీమీటర్లు దిగితే చాలా మొక్కలకు అనుకూలం. అంతకన్నా వేగంగా దిగితే కంపోస్టు పెంచి, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు నీళ్లు పెట్టాలి. గంటకు 2.5 సెంటీమీటర్లు కూడా దిగకపోతే 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు మడులు కట్టడమే మంచిది.

డాబా నుంచి వాన నీరు దిగే గొట్టం ఎక్కడ వదులుతోందో కూడా చూడాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,000 లీటర్లు ఆ గొట్టాల గుండా కిందికి వస్తాయి. ఆ నీరు మడిలో పడితే మొక్కలూ మట్టీ కొట్టుకుపోతాయి. దాన్ని ఇంకుడు గుంతకో, తొట్టికో మళ్లించాకే మడి గీత గీయాలి.

నాలుగో కొలత: వేసవిలో ఎన్ని బకెట్లు?

తోట పరిమాణాన్ని చాలామంది ఖాళీ స్థలాన్ని బట్టి నిర్ణయిస్తారు. నీటిని బట్టి నిర్ణయించడం తెలివైన పని. నేల నుంచి ఆవిరయ్యేది, ఆకుల నుంచి ఆవిరయ్యేది కలిపి చూస్తే హైదరాబాద్ లాంటి చోట మే నెలలో రోజుకు సుమారు 7 మిల్లీమీటర్లు, చలికాలంలో 3 నుంచి 4 మిల్లీమీటర్ల నీరు ఖర్చవుతుంది. అంటే 6 చదరపు మీటర్ల మడులకు మేలో రోజుకు 42 లీటర్లు కావాలి. ఇవి 15 లీటర్ల బకెట్లు దాదాపు మూడు. అదే 30 చదరపు మీటర్లయితే 14 బకెట్లు. ఎండాకాలంలో ట్యాంకర్ మీద ఆధారపడే ఇంటికి ఇది ఎంత బరువో చెప్పనక్కర్లేదు. ఎండుటాకులు, గడ్డి 5 సెంటీమీటర్ల మందాన కప్పితే నేల నుంచి ఆవిరయ్యే నీరు బాగా తగ్గుతుంది.

కూరగాయలు కడిగిన నీళ్లు నిరభ్యంతరంగా వాడవచ్చు. ఆర్‌వో యంత్రం వదిలే నీటిలో మాత్రం లవణాలు ఎక్కువ. దాన్నే రోజూ పోస్తే అవి కుండీలో పేరుకుపోతాయి. బోరు నీరు చవ్వగా, ఉప్పగా ఉంటే మట్టితో పాటు నీటిని కూడా పరీక్ష చేయించడం మంచిది.

డాబా మీద తోట అయితే: బరువు లెక్క

పెరడు లేని ఇళ్లలో మిద్దె తోటలు బాగా పెరుగుతున్నాయి. ఇక్కడ ముందుగా గుర్తుంచుకోవాల్సిన అంకె 150. మనుషులు తిరిగే నివాస భవనపు చదును పైకప్పును చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల, అంటే సుమారు 150 కిలోల అదనపు భారానికి రూపొందించాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. మరమ్మతుకు తప్ప ఎవరూ ఎక్కని పైకప్పుకైతే అందులో సగమే.

బాగా తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1,700 కిలోల దాకా తూగుతుంది. డాబా మీద 30 సెంటీమీటర్ల మందాన మట్టి పోసి మడి కడితే చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు. అంటే రూపకల్పన భారానికి మూడు రెట్ల కన్నా ఎక్కువ. కోకోపీట్, కంపోస్టు ఎక్కువగా కలిపిన తేలికపాటి మిశ్రమం పొడిగా ఉన్నప్పుడు దూదిలా అనిపించినా, తడిస్తే 30 సెంటీమీటర్ల మందానికి 300 కిలోలకు చేరవచ్చు. ఎప్పుడూ తడి బరువే లెక్కలోకి తీసుకోవాలి. జోరువాన పడిన రాత్రి ఉండే బరువు అదే.

అందుకని డాబా తోట చేయకూడదని కాదు. బరువును పంచాలి. మట్టిని నేరుగా స్లాబు మీద పోయకుండా, విడివిడి గ్రో బ్యాగులు, కుండీలు వాడి మధ్య మధ్య ఖాళీ వదలాలి. 20 లీటర్ల కుండీ తడి మట్టితో 34 కిలోలుంటుంది. బరువైనవి దూలాల మీదుగా, కింద గోడలున్న చోట పెట్టాలి. స్లాబు నడిమధ్య తేలికైనవే ఉండాలి. ఒక వైపే ఆధారంతో వేలాడే బాల్కనీ అంచున, సజ్జ మీద బరువులు పెట్టకూడదు. పిట్టగోడ మీద కుండీ ఎప్పుడూ ప్రమాదమే. ఇల్లు పాతదైనా, స్లాబులో చెమ్మ, పగుళ్లు, బయటపడిన ఇనుప ఊచలు ఉన్నా, లేదా పెద్ద మడులు కట్టాలనుకున్నా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాకే పని మొదలుపెట్టాలి. కుండీలను స్టాండ్ల మీద ఎత్తి పెడితే కింద నీరు నిలవదు, ఊడ్చుకోవడానికీ వీలుంటుంది.

కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. భౌతికశాస్త్రం దీనికి విరుద్ధంగా చెబుతుంది. మట్టిలోని సన్నని సందులు నీటిని కేశనాళికల్లా పట్టి ఉంచుతాయి. 0.2 మిల్లీమీటర్ల సందు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. గులకరాళ్ల మధ్య 5 మిల్లీమీటర్ల ఖాళీకి ఆ శక్తి అర సెంటీమీటరు పైచిలుకే. కాబట్టి మట్టి తన నీటిని వదిలి రాళ్లలోకి పంపదు. పైన పూర్తిగా తడిసి ముద్దయ్యాక మాత్రమే నీరు కిందికి జారుతుంది. నీరు నిలిచే పొర రాళ్ల మీదికి, అంటే వేళ్లకు మరింత దగ్గరగా జరుగుతుంది.

ఇంట్లోనే దీన్ని పరీక్షించవచ్చు. వంటింట్లో గిన్నెలు తోమే మందపాటి స్పాంజిని నీళ్లలో ముంచి, అడ్డంగా పట్టుకుని కారడం ఆగేదాకా చూడండి. తర్వాత దాన్నే నిలువుగా తిప్పండి. మళ్లీ నీరు కారుతుంది. స్పాంజి మారలేదు, ఎత్తు మారింది. కుండీ విషయంలోనూ అంతే. లోతు ఎక్కువుంటే పైభాగంలో గాలి ఎక్కువ. ఆకుకూరలకు 15 నుంచి 20 సెంటీమీటర్లు, టమాటా, వంగ, మిరపలకు కనీసం 30 సెంటీమీటర్ల లోతు ఉండాలి. అడుగు రంధ్రాల మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్కో, జాలీ ముక్కో చాలు. కుండీల కింద పళ్లేలు వాడితే వారానికి ఒకసారైనా ఒలకబోసి రుద్ది కడగాలి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి పెద్దదయ్యేది ఇలాంటి కొద్దిపాటి నిలవ నీటిలోనే. అందుకు దానికి వారం పది రోజులు చాలు.

ఎండలతోనే నేలను సిద్ధం చేయడం

కొలతలు పూర్తయ్యాక ఏప్రిల్, మే ఎండలను పనిలో పెట్టవచ్చు. నేలను 30 సెంటీమీటర్ల లోతు తవ్వి, గడ్డలు చితక్కొట్టి, రాళ్లు ఏరి, చదును చేసి, బాగా తడపాలి. ఆ పైన పారదర్శకమైన పలుచని పాలిథీన్ షీటు పరిచి అంచులను మట్టితో కప్పేసి 4 నుంచి 6 వారాలు వదిలేయాలి. దీన్ని సాయిల్ సోలరైజేషన్ అంటారు. 1976లో ఇజ్రాయెల్‌లో జాకొవ్ కాటాన్ బృందం దీన్ని శాస్త్రీయంగా వివరించింది.

నల్ల షీటు ఎక్కువ వేడెక్కుతుంది కదా, అదెందుకు వాడరు? నల్ల షీటు ఎండను తానే పీల్చుకుంటుంది. పారదర్శక షీటు ఎండను నేలదాకా పోనిస్తుంది. నేల వేడెక్కి పరారుణ కిరణాలను పైకి వదిలినప్పుడు షీటు లోపలి వైపు పట్టిన నీటి బిందువులు వాటిని అడ్డుకుంటాయి. దాంతో మన ఎండల్లో పై 5 సెంటీమీటర్ల నేల 50 డిగ్రీలు దాటవచ్చు. కలుపు విత్తనాలు, నులిపురుగులు, వేరుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. తడి లేకపోతే వేడి లోతుకు దిగదు కాబట్టి ముందు తడపడం తప్పనిసరి. రోజంతా ఎండ పడని చోట ఈ పద్ధతి పనిచేయదు.

మే చివర్లో షీటు తీసి, కంపోస్టు 5 సెంటీమీటర్ల మందాన పరిచి పై 15 సెంటీమీటర్లలో కలపాలి. ఒక చదరపు మీటరుకు ఇది 50 లీటర్లవుతుంది. మాగని పేడ, పచ్చి వంటింటి చెత్త నేరుగా వేయకూడదు. అవి కుళ్లేటప్పుడు వేడి, అమ్మోనియా వెలువడి లేత వేళ్లను కాలుస్తాయి. ఎండుటాకులు, రంపపు పొట్టు లాంటి కర్బనం ఎక్కువున్నవి పచ్చిగా కలిపితే, వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాము వాడేసుకుంటాయి. మొక్క పాలిపోతుంది. కంపోస్టు గుంతలో కర్బనం, నత్రజని 25 నుంచి 30కి ఒకటి పాళ్లలో ఉండాలన్నది అందుకే. ఒక వంతు వంటింటి చెత్తకు రెండు మూడు వంతుల ఎండుటాకులు వేస్తే ఆ పాళ్లకు దగ్గరగా వస్తుంది. వాసన కూడా రాదు.

మొదటి ఏడాది ఎంత?

రెండు మడులు చాలు. ఒక్కొక్కటి 1.2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు. మొత్తం 6 చదరపు మీటర్లు. రెండు వైపుల నుంచీ 60 సెంటీమీటర్ల దూరం చెయ్యి అందుతుంది కాబట్టి మడిలో కాలు పెట్టాల్సిన అవసరం రాదు, నేల బిగుసుకోదు. మధ్యలో 45 సెంటీమీటర్ల దారి వదలాలి.

మృగశిర కార్తెలో వానలు పడ్డాక బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, పందిరికి బీర లేదా సొర వేయవచ్చు. అక్టోబరు నుంచి టమాటా, ముల్లంగి, మెంతికూర, కొత్తిమీరల కాలం. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి రాత్రులు కూడా వెచ్చగా ఉంటే టమాటా పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలుతుంది. వేసవిలో టమాటా కాయకపోతే మందులు కొట్టనక్కర్లేదు. కాలం మార్చితే సరిపోతుంది.

నోటు పుస్తకంలో చివరికి ఉండాల్సినవి కొద్ది అంకెలే. జూన్‌లో ఎండ గంటలు, డిసెంబరులో ఎండ గంటలు, సీసాలో మూడు పొరల ఎత్తులు, గుంతలో గంటకు దిగిన నీరు, నేల పీహెచ్, మేలో రోజుకు కావలసిన బకెట్లు. డాబా అయితే చదరపు మీటరుకు తడి బరువు. నర్సరీకి వెళ్లేటప్పుడు ఆ పేజీని వెంట తీసుకెళ్లండి. డిసెంబరులో 3 గంటల ఎండే ఉన్న చోటికి టమాటా నారు కొనబోయే చెయ్యి అక్కడే ఆగి, పాలకూర విత్తనాల ప్యాకెట్ వైపు వెళుతుంది. సంక్రాంతికి ఆ మడిలో కోసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.